అంతిమస్మృతి: వరాహస్వామి పూచీ

తిరుమల యాత్ర చేయువారు స్వామిపుష్కరిణీ తీరమున వెలసియున్న శ్రీవరాహస్వామిని మొదట సేవించి, పిదప శ్రీనివాసుని సన్నిధికి పోవుట ఆచారము. ఆ కొండ తొలుత ఆదివరాహ క్షేత్రమనియు, శ్రీనివాసుడు వరాహస్వామి అనుమతి పొంది అచట నెలకొనెననియు స్థలపురాణము చెప్పుచున్నది. నైవేద్యము సైతము ముందుగా వరాహస్వామికే జరుగును. ఈ క్రమమెఱిగిన భక్తులు ఎందరో కలరు. ఆ స్వామి పూర్వము భూదేవికిచ్చిన ఒక మాటను జ్ఞాపకముంచుకొని ఆ గుడిలో నిలుచువారు మాత్రము తక్కువ. ఆ మాట మరణశయ్యపై నున్న జీవుని గూర్చినది. ప్రతి యింటికిని ఒకనాడు అది కావలసియుండును.

ఇంటి పెద్ద చివరి దశకు చేరినప్పుడు బంధువులను రెండు దుఃఖములు పీడించును. మొదటిది ఎడబాటు. దానిని అందఱును పైకి చెప్పుకొని ఏడ్తురు. రెండవది భయము. దానిని ఎవరును పైకి చెప్పరు. జన్మమంతయు నామము ధరించి, ఏకాదశులుండి, కాలినడకను కొండ యెక్కిన మనిషికి కడపటి క్షణమున స్వామి తలంపునకు వచ్చునా? రాకపోయినచో ఇన్నేండ్ల భక్తి యేమగును? ఇదియే ఆ భయము. పూర్వము పలువురు తమ యింటనే, సహస్రనామ పారాయణము వినుచు, తులసీతీర్థము నోట పడగా కన్నుమూసెడివారు. నేడు ఎందరో ఆసుపత్రిలో, నోటిలో గొట్టముతో, నాలుక కదల్ప వీలులేక, స్పృహ లేక వెళ్ళిపోవుచున్నారు. తలుపు వెలుపల నిలిచిన కుమారుడు ఆ రాత్రిని మఱువలేడు. “నాన్నగారి నోట నారాయణ నామము రాలేదే” యను చింత సంవత్సరముల తరబడి అతనిని కాల్చుచుండును. ఈ చింతకు శాస్త్రమేమి సమాధానము చెప్పుచున్నదో తెలిసికొనుట మంచిది.

భగవద్గీత యెనిమిదవ అధ్యాయమున, దేహమును విడుచు వేళ ఎవడు దేనిని స్మరించునో దానినే పొందునని స్వామి చెప్పెను. చాలమంది ఇంతవఱకే విని భయపడుదురు. ఆ వెంటనే స్వామి, “అందువలన ఎల్లకాలములయందును నన్ను స్మరింపుము” అను అర్థము గల మాటను సెలవిచ్చెను. ఆ ఉపదేశమునకు ప్రాణము “అందువలన” అను పదముననే యున్నది. కడపటి తలంపు ఆ క్షణమున ఎవరో పురికొల్పినంతమాత్రమున పుట్టునది కాదు. ఏండ్ల తరబడి నీరు పాఱిన కాలువలోనికే చివరి నీరును పాఱును. బ్రతికిన బ్రతుకే కడపటి తలంపునకు దారి వేయుచున్నది.

ఐనను ఒక సందేహము మిగిలియున్నది. కాలువ చక్కగా త్రవ్వబడియు, గట్టు తెగినచో ఏమి గతి? పరమ భక్తునకు సైతము వార్ధక్యమున మతిమఱుపు రావచ్చును. కన్నబిడ్డలనే గుర్తింపలేకపోవచ్చును. పక్షవాతము వచ్చి మాట పడిపోవచ్చును. ఇది భక్తిలోని లోపము కాదు, దేహధర్మము. ఆళ్వారులు ఈ సంగతిని చక్కగా ఎఱుగుదురు. పెరియాళ్వారు శ్రీరంగనాథుని సన్నిధిని, కడపటి వేళ ఇంద్రియములు కట్టువడినప్పుడు తాను స్మరింపజాలకపోవచ్చునని తలచి, ఆనాటి స్మరణమును ఈనాడే స్వామికి విన్నవించి యుంచుచున్నానని పాడెను. కులశేఖరుడు ముకుందమాలలో, కఫవాతపిత్తములచే కంఠము మూసికొనిపోవు వేళ స్మరణ యెక్కడిదని తలచి, తన మనస్సు నేడే స్వామి పాదములను చేరవలెనని కోరెను. అంతటి మహనీయులే ఆ క్షణమున తమ జ్ఞాపకశక్తిని నమ్ముకొనలేదు.

వారు నమ్ముకొన్నది వేఱొకటి. శ్రీవైష్ణవులు చరమశ్లోకములు మూడని చెప్పుదురు. విభీషణుడు శరణన్నప్పుడు శ్రీరాముడు పలికినది ఒకటి. గీత చివర శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పినది మఱియొకటి. వరాహస్వామి భూదేవికి చెప్పినది మూడవది. దాని తాత్పర్యమిది: శరీరము ఆరోగ్యముగా నుండి, మనస్సు నెమ్మదిగా నుండి, ధాతువులు సమముగా నున్న కాలమున ఎవడు నన్ను స్మరించునో, వాడు మరణకాలమున కట్టెవలెను రాతివలెను పడియున్నప్పుడు నేను వానిని స్మరింతును, నేనే వానిని పరమగతికి తోడ్కొనిపోవుదును.

స్వామి ఎంచుకొన్న పోలికలను గమనింపవలెను. కట్టె తలంపదు, రాయి పలుకదు. అట్టి స్థితిలో స్మరించు పనిని స్వామి జీవునిపై వేయలేదు. దానిని తన మీద వేసికొనెను. భక్తియోగమును సాధనముగా చేపట్టిన వానికి అంతిమస్మృతి ఆవశ్యకమని మన పెద్దలు నిర్ణయించిరి. స్వామి పాదములయందు తన భారమును సమర్పించిన ప్రపన్నునకు మాత్రము కడపటి వేళ స్వప్రయత్నముతో తీర్పవలసిన అప్పు లేదు. దానికి పూచీ స్వామిదే. తల్లి చేయి పట్టుకొని నడచు బిడ్డ నిద్రలో ఆ చేతిని విడిచినను, తల్లి బిడ్డను విడువదు కదా.

స్మరణభారమును స్వామి వహించినచో, ప్రక్కన నిలిచిన బంధువుల కర్తవ్యమేమి? నిజము చెప్పుట, నొప్పి తగ్గించుట, చింత తీర్చుట, తోడుండుట. ఈ నాలుగింటికిని ఇతిహాస పురాణములందు దృష్టాంతములు కలవు.

ఒంటిస్తంభపు మేడ, గంగాతీరము

శృంగి శపించిన సంగతిని అతని తండ్రి శమీకుడు దాచలేదు. గౌరముఖుడను శిష్యుని పంపి పరీక్షిన్మహారాజునకు తెలియజేసెనని భారతము చెప్పుచున్నది. అప్పుడు రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించి, వైద్యులను మంత్రవేత్తలను చుట్టును నిలుపుకొనెను. తక్షకుడు పండులోని పురుగై ఆ మేడలోనికే ప్రవేశించెను. భాగవతము ఆ రాజునే మఱియొక విధముగా చూపుచున్నది. అందు అతడు రాజ్యమును కుమారునకప్పగించి గంగాతీరమున కూర్చుండెను. మరణము సమీపించినవాడు ఏమి చేయవలెనని అచట చేరిన మునులను అడిగెను. శుకయోగి వచ్చి ఆ ప్రశ్నను మెచ్చుకొని, ఒక్క ముహూర్తము మాత్రమే ఆయువున్నదని తెలిసికొని ఆ కాలముననే తరించిన ఖట్వాంగుని కథ చెప్పెను. ఖట్వాంగునకు దొరకినది ముహూర్తము, పరీక్షిత్తునకు దొరకినవి ఏడు దినములు. ఆ ఏడు దినములు లోకమునకు భాగవతమునిచ్చినవి.

వైద్యము చేయింపరాదని దీని భావము కాదు. బ్రతుకు ఆశ యున్నంతవఱకు చికిత్స చేయించుట ధర్మమే. ఇక వైద్యమున ఫలము లేదని వైద్యులే చెప్పిన పిమ్మట, ఆ సంగతిని రోగికి తెలియనీయక చుట్టును మేడ కట్టుటలో మాత్రము మేలు లేదు. కఠినముగా చెప్పనక్కఱలేదు. అడిగినంతవఱకు, భరింపగలిగినంతవఱకు, చేయి పట్టుకొని మెల్లగా చెప్పవచ్చును. పెక్కుమంది వృద్ధులు ఆ సంగతిని ముందే గ్రహించియుందురు. ఇంటివారు బాధపడుదురని వారు మాటాడరు, వారు బాధపడుదురని ఇంటివారు మాటాడరు. ఈ మౌనములో విలువైన ఏడు దినములు గడచిపోవును.

అంపశయ్య

భీష్ముడు స్వచ్ఛందమరణము వరముగా పొందినవాడు. అట్టివాడును అంపశయ్యపై పడగానే మొదట కోరినది తలగడ. తల వ్రేలాడుచున్నదని చెప్పగా, అర్జునుడు బాణములతో తలకు ఆధారము కల్పించెను. పిదప నీరడిగెను. అర్జునుడు భూమిని భేదించి జలధారను రప్పించెను. మహాజ్ఞానికి సైతము తలక్రింద ఆనిక, నోటికి తడి కావలసివచ్చినవి. వానిని సమకూర్చుటయే అర్జునుడు చేసిన సేవ.

శాంతిపర్వములోని మఱియొక ఘట్టము ఇంతకంటె ముఖ్యమైనది. ధర్మరాజునకు ధర్మములు బోధింపుమని శ్రీకృష్ణుడు కోరినప్పుడు భీష్ముడు తన అశక్తతను విన్నవించెను. శరములు గ్రుచ్చుకొని ఒడలు మండుచున్నదనియు, బుద్ధి తేటగా లేదనియు, మాట తడబడుచున్నదనియు చెప్పెను. అప్పుడు స్వామి, “నొప్పిని ఓర్చుకొనుము, అది నీ కర్మఫలము” అని యనలేదు. వాడిక, మూర్ఛ, తాపము, నొప్పి, ఆకలి, దప్పి యేవియు అతనిని బాధింపకుండునట్లు వరమిచ్చెను. నొప్పి తీఱిన పిమ్మటనే ఉపదేశము మొదలైనది. బాధపడువానికి ముందు బాధ తీర్పవలెనను క్రమమును భగవానుడే ఆచరించి చూపెను.

ఇటీవలి కాలమున వైద్యులు ఈ క్రమమును ఒక ప్రత్యేక శాస్త్రముగా పెంపొందించిరి. 1967లో లండను నగరమున సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అను ఆశ్రయమును నెలకొల్పి, నయము కాని రోగులకు నొప్పిని తగ్గించి తుదివఱకు ఆదరించు పద్ధతిని వ్యాప్తి చేసెను. దేహపు నొప్పితో పాటు మనోవ్యథ, కుటుంబపు చింత, ఆధ్యాత్మిక వేదన కూడ రోగి బాధలో భాగములే యని ఆమె చెప్పెను. మన దేశమున 1986లో నాటి బొంబాయిలో శాంతి అవేదన సదన్ ఏర్పడినది. 1993లో కేరళలోని కోళిక్కోడున ఈ సేవకై ఒక సంఘము ప్రారంభమై, పొరుగువారే రోగుల యిండ్లకు పోయి చూచు పద్ధతికి దారి తీసినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రియందును ఉపశమన చికిత్స చేయు విభాగము కలదు. తీవ్రమైన నొప్పికి వాడు మార్ఫిన్ వంటి మందులు రోగులకు సులభముగా అందుటకై 2014లో మాదకద్రవ్యముల చట్టమును సవరించిరి.

ఆ మందు తీసికొన్నచో స్పృహ పోవుననియు, నామస్మరణకు భంగమనియు కొందఱు సందేహింతురు. వైద్యుడు రోగిని కనిపెట్టుచు తగిన మోతాదున ఇచ్చు మందు నొప్పిని అణచుటకే. మొదట కొంత మగత కలిగినను, చాలమందికి అది కొలదిదినములలో తగ్గుచుండును. నొప్పితో మెలికలు తిరుగు వాని నోట నామము నిలుచుట ఎంత కష్టము! నొప్పి తగ్గినవాడు ప్రశాంతముగా వినగలడు. కావున ఔషధమును నిరాకరించుట భక్తి యనిపించుకొనదు. అంపశయ్య చెంత స్వామి చేసిన పనినే నేడు మంచి వైద్యుడు తన శక్తికొలది చేయుచున్నాడు.

లేడిపిల్ల

భరతుడు రాజ్యమును తృణముగా విడిచి పులహాశ్రమమున తపస్సు చేసెను. నదీతీరమున తల్లిని కోల్పోయిన లేడిపిల్లను దయతో పెంచెను. ప్రాణము పోవు వేళ “నేను లేనిచో దీని గతి యేమి?” అను చింతతోనే పోయి, లేడియై పుట్టెను. ఈ కథను మమకారమునకు దండనగా మాత్రమే చెప్పుచుందురు. ఇందు మఱియొక విశేషము కలదు. లేడి జన్మమునను అతనికి పూర్వస్మృతి చెడలేదు. చేసిన ఆరాధనము అతనిని కాపాడుచునే యుండి, తరువాతి జన్మమున జడభరతుడై ముక్తుడయ్యెను. దారి కొంత పొడవైనదే కాని, స్వామి అతనిని విడువలేదు.

ప్రతి వృద్ధునకును ఒక లేడిపిల్ల యుండును. పెండ్లికాని కుమార్తె కావచ్చును, తీఱని అప్పు కావచ్చును, మాటలు లేని అన్నదమ్ములు కావచ్చును, తన వెనుక ఒంటరి కాబోవు భార్య కావచ్చును. మమకారము విడువుమని మంచము చెంత వేదాంతము చెప్పుట సులభము. ఆ లేడిపిల్లను తాము ఎత్తుకొనుట మేలైన పని. “నాన్నగారూ, అమ్మను మేము చూచుకొందుము. చెల్లి పెండ్లి మా పూచీ. మీరు నిశ్చింతగా ఉండండి” అని కుమారుడు అనిన మాట ఆ వేళ ఉపనిషత్తుతో సమానము. మాట ఇచ్చి తప్పరాదు. అలిగి దూరమైన వారిని పిలిపింపవలెను. క్షమింపుమని అడుగవలసినవారు అప్పుడే అడుగవలెను. మంచము చెంత ఆస్తి తగవులు తగవు. మాటాడలేనివాడు విననివాడని తలపరాదు. పలుకు పోయిన పిమ్మటను వినికిడి ఉండవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు.

తోడుండుట

భగవద్రామానుజులు 1137వ సంవత్సరమున శ్రీరంగమున పరమపదించిరని సంప్రదాయము. ఆ వేళ ఎంబారు ఒడిలో తలను, వడుగనంబి ఒడిలో పాదములను ఉంచి శయనించిరని పెద్దలు చెప్పుదురు. ప్రపత్తిమార్గమును లోకమునకు చాటిన ఆచార్యుడు కడపటి వేళ ఇద్దఱు శిష్యుల ఒడిని ఆశ్రయించెను. మనుష్యస్పర్శ వైరాగ్యమునకు విరోధమైనచో ఆయన దానిని అంగీకరించెడివాడు కాడు.

కావున మంచము చెంత ఎవరో ఒకరు కూర్చుండవలెను. అరచేతిని అరచేతిలో నుంచుకొనవలెను. “నారాయణా యనుము, యనుము” అని పదేపదే బలవంతము చేయుట, రాని మాటకై బుజములు కుదుపుట తగదు. ఆ పరీక్షలో తప్పితినేమో యను బెదరు పోవువానికి కలిగింపరాదు. పలుకవలసినది ప్రక్కనున్నవారు. సహస్రనామమో, గజేంద్రమోక్షమో, అతడు జీవితమంతయు ఇష్టపడిన కీర్తనమో, చెవి చెంత మెల్లగా, నిదానముగా చదువవలెను. అలసినట్లు తోచినచో ఆపవలెను. మ్రింగలేని వాని నోట తీర్థము పోయరాదు. అది ఊపిరి త్రోవకు అడ్డుపడును. శుభ్రమైన గుడ్డను తడిపి పెదవులకు తాకించినచో చాలును. ఆకలి లేనివానిని తినుమని బలవంతపెట్టరాదు. ఆసుపత్రిలో నున్నచో కొన్ని నిమిషములు చెంత నుండుటకు అనుమతి అడుగవచ్చును. దొరకనిచో తలుపు వెలుపలనే నామము చెప్పుకొనవచ్చును. గోడలు స్వామికి అడ్డు కావు.

జటాయువు కడపటి మాట

ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు పోవువాని నోట కడపటి మాట మఱియేదియో కావచ్చును. దాహమని యుండవచ్చును. ఎన్నడో పోయిన తల్లిని పిలిచియుండవచ్చును. పొలము సంగతి యడిగియుండవచ్చును. అట్టివారి బిడ్డలు జటాయువు కథను మఱియొకసారి చదువవలెను.

వాల్మీకి రామాయణము అరణ్యకాండలో జటాయువు రెక్కలు తెగి నెత్తుట మునిగి పడియున్నాడు. రాముడు అతనిని కౌగిలించుకొని సీత యెక్కడని అడిగెను. జటాయువు ఆయాసపడుచు, ఆమెను కొనిపోయినవాడు రావణుడనియు, ఏ దిక్కునకు పోయెననియు చెప్పెను. విశ్రవసుని కొడుకు, కుబేరుని తమ్ముడు అని ఆ రాక్షసుని కులము చెప్పుచుండగానే ప్రాణము పోయెను. కడపటి మాట శత్రువు వంశమును గూర్చినది. ఎదుట సాక్షాత్తు శ్రీరాముడుండగా, నోట నున్నది రావణుని ప్రసంగము! మాటను మాత్రమే లెక్కించినచో ఆ పక్షికి ఏ గతి చెప్పవలెను?

స్వామి మాటను లెక్కింపలేదు. ఎవరికొఱకై ఆ రెక్కలు తెగెనో దానిని చూచెను. తన చేతులతో చితి పేర్చి, ఉత్తమలోకములకు పొమ్మని అనుజ్ఞ యిచ్చి దహనము చేసెను. లక్ష్మణునితో గోదావరికి పోయి జలతర్పణము విడిచెను. తండ్రి దశరథునకు దగ్గర నుండి చేయజాలని కర్మను పక్షికి చేసెను. జీవితమంతయు సేవలో గడపినవాని కడపటి మాట ఏదైనను, దానిని స్వామి ఏ అర్థమున గ్రహించునో ఇందువలన తెలియుచున్నది.

కావున, తండ్రి స్పృహ లేక పోయెనని కుములువాడు ఇక కుములనక్కఱలేదు. నోరు మూతపడినది, మనస్సు మబ్బుగ్రమ్మినది, ఒడలు కట్టెయైనది. ఆ స్థితిని గూర్చియే స్వామి ముందుగా మాట యిచ్చియున్నాడు. ఆ రాత్రి ఆ గదిలో తండ్రి స్వామిని తలచెనో లేదో కుమారునకు తెలియదు. స్వామి తండ్రిని తలచెనన్నది మాత్రము వరాహవాక్యముచే నిశ్చయము.

ఇక బ్రతికియున్నవారికి మిగిలిన పని యొక్కటే. ఆ మాటలో స్వామి జీవుని వంతుగా అడిగినది ఆరోగ్యకాలపు స్మరణము మాత్రమే. కాళ్ళు మెట్లెక్కగలుగుచున్నవి, నాలుక నామము పలుకగలుగుచున్నది, చెవి గంట విన్నది, మనస్సు ఇంకను తనదే. ఇదియే స్వామి చెప్పిన కాలము. పుష్కరిణీ తీరమున వరాహస్వామి యెదుట నిలిచినప్పుడు కోరికల జాబితాను కొంచెము ప్రక్కనుంచి, “స్వామీ, ఆ దినమున నాకు జ్ఞాపకముండకపోవచ్చును. నేడు తలచుచున్నాను. నన్ను మఱువకుము” అని ఒక్కసారి విన్నవించుకొన్నచో చాలును. ఆ తరువాత శ్రీనివాసుని దర్శనమునకు పోవచ్చును. ఇల్లు చేరిన పిమ్మట మంచముననున్న పెద్దల చెంత కాసేపు కూర్చుండి వారి చేయి పట్టుకొనుట ఆ యాత్రలోని శేషభాగము.